నీళ్ళు పడ్డాయి

నాగాయలంక,
జూన్ 11, 2024

చి. ల. సౌ. నవ్యశ్రీకి మీ మావయ్య కోదండరామయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య క్షేమం కంటే కాస్త ఎక్కువే. నాకు చెవులు మందగించాక ఆవిడకి ఈ ఇంట్లో ఎదురు చెప్పేవాడు లేకుండా పోయాడు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నాకు వినపడేవి రెండే మాటలు, మొదట్లో "హలో మావయ్యా", చివర్లో "ఉంటా మావయ్యా". మధ్యలోదంతా అత్తయ్య నోటి నుంచి వినాలి. అందులో నువ్వన్నది ఎంతో, ఆవిడ కలిపింది ఎంతో దేవుడికే తెలియాలి. అందుకని ఇవాళ పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి "ఎవరికండీ బాబాయ్‌గారూ, కోర్టుకా?" అని అడిగింది. ఈ రోజుల్లో ఉత్తరాలు పంపేది కోర్టులూ నేనూ మాత్రమేనట.

అసలు సంగతికొస్తాను. గుడివాడ నుంచి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు ఎక్కడో పాత గనిలోకి దిగి రాతిలో బోర్లు వేయిస్తున్నావని చెప్పిందట. విని ఎంత సంతోషించానో చెప్పలేను. ముప్ఫై అయిదేళ్ళు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని దివిసీమంతా తిరిగి బోరు పాయింట్లు చూపించినవాణ్ణి. ఆరేళ్ళ కిందట చెవుల మూలంగా మానేశాను గానీ, లేకపోతే ఇప్పటికీ తిరిగేవాణ్ణే. నా కొడుకులిద్దరూ ఈ విద్య వద్దన్నారు. ఒకడు రొయ్యల మేత అమ్ముతాడు, రెండోవాడు అది కొని రొయ్యలకి పోస్తాడు. చివరికి మేనకోడలు అందుకుంది. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?

కాబట్టి వెంటనే జవాబు రాయి. ఎన్ని బోర్లు వేశారు, ఎన్నింట్లో నీళ్ళు పడ్డాయి, ఎన్ని అంగుళాలు పడ్డాయి? సాయంత్రం టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకోవాలి.

అన్నట్టు నీ చిరునామాలో ఊరి పేరు లేదు, పోస్టు బాక్సు నంబరు మాత్రం ఉంది. పేరు లేని ఊళ్ళో ఉద్యోగమేమిటే పిల్లా?

మావయ్య


పాత గని క్యాంపు,
(ఊరి పేరు రాయకూడదన్నారు)
జూన్ 25

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం మా గేటు దగ్గర ముగ్గురు చేతులు మారి నాకు అందింది. ముగ్గురికీ తెలుగు రాదు. ఇదేదో రహస్య లిపి అనుకున్నారో ఏమో, చాలా మర్యాదగా తెచ్చి ఇచ్చారు.

నీ సంతోషం మీద నీళ్ళు చల్లడం నాకు ఇష్టం లేదు గానీ చెప్పక తప్పదు. నాది నీ విద్యే, కాకపోతే తిరగేసి పట్టుకున్నాను. మా బోరులో నీళ్ళు పడితే మాకు ఏడుపు, పడకపోతే పండగ. ఇప్పటిదాకా నాలుగు వేశారు. నాలుగూ దుమ్ము కక్కాయి. నాలుగోదీ ఎండుగా వచ్చిన రోజు క్యాంపులో సేమ్యా పాయసం వండారు.

ఎందుకో చెబుతాను, టీకొట్టు దగ్గర చెప్పేటప్పుడు ఏమీ కలపకు. అణువిద్యుత్ కేంద్రాల్లో ఇంధనం వాడేశాక ప్రమాదకరమైన మిగులు కొంత ఉంటుంది. అది వేల ఏళ్ళు చల్లారదు, అందులో కొంత లక్ష ఏళ్ళు దాటినా చావదు. దాన్ని గాజుతో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోసి మూసేస్తారు. ఆ డబ్బాల్ని అర కిలోమీటరు లోతున, పగుళ్ళు లేని గట్టి రాతిలో దాచాలని ఆలోచన. ఇక్కడ ఇంకా ఒక్క డబ్బా కూడా లేదు, భయపడకు. ఈ రాయి పనికొస్తుందా లేదా అని చూడడం వరకే మా పని. దాచినదాన్ని మళ్ళీ మనుషుల దగ్గరికి మోసుకు రాగలిగేది నీళ్ళొక్కటే. అందుకని నీళ్ళు లేని చోటు కావాలి.

ఊరికే బోర్లు వేసి చూడడానికి లేదు. ప్రతి బోరూ ఒక కన్నం, నీళ్ళకి మనమే దారి తవ్విపెట్టినట్టు. అందుకని నేను రాతిని పొడవకుండానే దాని కడుపులో ఏముందో చూడాలి. సుత్తితో కొట్టి, ఆ చప్పుడు ఎంతసేపట్లో అవతలికి చేరిందో మిషన్లతో వింటాం. కరెంటు పంపి ఎక్కడ తేలిగ్గా పారిందో చూస్తాం, తడి ఉన్నచోట తేలిగ్గా పారుతుంది. రాడార్ తరంగాలు పంపి ఏవి వెనక్కి తిరిగొస్తున్నాయో చూస్తాం. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ వేలితో తట్టి వింటుందే, అదే పని. కాకపోతే నా కుండ కొండంత ఉంది.

కొబ్బరికాయ మాత్రం వాడం. మా సారు ధర్మారావుగారికి అలాంటివి గిట్టవు. ఆయన తెలుగాయనే, తెనాలి. మన ఊరివైపు మాట వినపడిందని నన్ను చేర్చుకున్నారని అందరూ అంటారు. నేను మాత్రం నా మార్కులు చూసి చేర్చుకున్నారని అంటాను.

అత్తయ్యకి నమస్కారాలు.

నవ్యశ్రీ


నాగాయలంక,
జూలై 9

చి. నవ్యశ్రీకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తయ్య హాయిగా ఉందంది.

నీళ్ళు లేని చోటు కనిపెట్టడానికి గవర్నమెంటు జీతమిస్తుందా? ఆ ముక్క ముందే తెలిస్తే నేనే కోటీశ్వరుణ్ణయ్యేవాణ్ణి గదే! ఈ దివిసీమలో మంచినీళ్ళు లేని చోట్లు కళ్ళు మూసుకుని చూపిస్తాను. ఇక రాయంటావా, ఇక్కడ పుట్టినవాడికి తెలిసిన రాళ్ళు మూడే, రోలు, పొత్రం, మైలురాయి. మిగతాదంతా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు. నీ డబ్బాలు ఇక్కడ పాతితే నెల తిరక్కుండా సముద్రంలో తేలతాయి. అందుకని మమ్మల్ని వదిలేసి ఆ కొండనే పట్టుకోండి.

ఒక చిక్కొచ్చిపడింది. టీకొట్టు దగ్గర నీ సంగతి ఉన్నదున్నట్టు చెప్పలేకపోయాను. "మా మేనకోడలికి నాలుగు బోర్లూ ఫెయిలయ్యాయి, పాయసం తాగారు" అంటే నా పరువేం కాను? ముప్ఫై అయిదేళ్ళ పేరు. అందుకని "వేయిస్తోంది, ఇంకా పడలేదు, రాయి మహా గట్టిది" అని ఊరుకున్నాను. ఇందులో అబద్ధమొక్కటీ లేదు చూసుకో. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు "ఏవండీ, మీ అమ్మాయికి పడ్డాయా?" అని అడుగుతున్నారు. నిన్న పాలబ్బాయి కూడా అడిగాడు. అత్తయ్య నీ పేర అవనిగడ్డలో అర్చన చేయించింది. నేను ఆపలేదు.

నీ ఉత్తరాలు నా ట్రంకుపెట్టెలో తాళం వేసి పెడుతున్నాను.

నీకు మీ సారుకి తెలియకుండా ఒక ఎండు కొబ్బరికాయ పార్శిల్ చేశాను, పిలకతో సహా. అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి నడువు. నీళ్ళున్న చోట లేచి నిలబడుతుంది. నీకు కావలసింది అది లేవకపోవడమే గనక, పడుకున్నంతసేపూ సంతోషించు.

మావయ్య


పాత గని క్యాంపు,
ఆగస్టు 12

మావయ్యకి నమస్కారాలు.

కాయ అందింది. గేటు దగ్గర దాన్ని రెండుసార్లు ఎక్స్‌రే తీశారు. లోపల నీళ్ళున్నాయా అని అడిగారు, లేవన్నాను. నాతో పనిచేసే రాకేష్ దాన్ని చట్నీకి వచ్చిందనుకుని పగలగొట్టేశాడు. చట్నీ బాగా కుదిరింది, నీ విద్య మాత్రం నాకు అబ్బలేదు.

ఇక్కడి సాంబారు గురించి నీకు చెప్పాలి. మా వంటాయన అందులో బెల్లం వేస్తాడు. ఎందుకయ్యా అంటే, వాళ్ళ ఊళ్ళో అంతేనంటాడు. మొదటి నెల కోపమొచ్చింది. రెండో నెల బుజ్జగించాను, మూడో నెల బందరు నుంచి వచ్చిన ఆవకాయ సీసా చూపించి బెదిరించాను. ఇప్పుడు నాకొక్కదానికీ చిన్న గిన్నెలో విడిగా చేసి పెడతాడు. దానికి క్యాంపులో "ఆంధ్రా సాంబార్" అని పేరు పెట్టారు, రోజుకొకరు అడిగి తింటున్నారు. నిన్న నాకే మిగల్లేదు. ఇక కోతుల సంగతి వేరే రాయాలి. సర్వే కేబుళ్ళు పాములనుకుని మొదట్లో భయపడేవి. ఇప్పుడు వాటి మీద కూర్చుని పేలు చూసుకుంటున్నాయి. రాకేష్ ఒకదానికి పేరు కూడా పెట్టాడు.

పని బాగానే జరుగుతోంది. రాయి చాలా గట్టిది. రాడార్‌లో ఒక పక్క సన్నటి గీతలాంటిది కనపడింది గానీ అది పెద్ద విషయం కాదట. అక్టోబరులో కమిటీ వస్తుంది, డబ్బాలు దాచడానికి మేం చూసిన ఈ రాతి బ్లాకుని ఆమోదిస్తారు.

ఇక్కడ వాన పడుతోంది. గొడుగు పట్టుకుని గనిలోకి దిగుతుంటే నవ్వొచ్చింది.

నవ్యశ్రీ


గుడివాడ,
ఆగస్టు 23

చి. నవ్యశ్రీకి,

మీ అమ్మ దగ్గరికొచ్చి నాలుగు రోజులైంది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తెచ్చాను. మీ అమ్మకి సాంబారు ముక్క, కోతుల ముక్క చదివి వినిపించాను. పడీ పడీ నవ్వింది.

ఇక నీతో మాట. మొత్తం ఉత్తరంలో సాంబారుకీ కోతులకీ కలిపి సగానికి పైగా రాశావు. గీతకి ఒక్క వాక్యం. అందులోనూ "పెద్ద విషయం కాదట" అన్నావు. కాదు అనలేదు, కాదట అన్నావు. ఆ "ట" ఎవరిది?

నేను ముప్ఫై అయిదేళ్ళు రైతుల పొలాల్లో తిరిగాను. ఒక మూలకి తీసుకెళ్ళకుండా మిగతా పొలమంతా తిప్పి తిప్పి చూపిస్తాడే, ఆ మూలలోనే ఏదో ఉంటుంది. నువ్వు నాకు కోతుల్ని చూపిస్తున్నావు.

గీత సంగతి రాయి. మీ అమ్మకి చెప్పనులే.

మావయ్య


పాత గని క్యాంపు,
సెప్టెంబరు 4

మావయ్యా,

నువ్వు చెవులు వినపడనివాడివే గానీ ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా వదలవు.

సరే, విను. డబ్బాలు పెట్టాలనుకున్న గది గోడ నుంచి పదకొండు మీటర్ల లోపల రాడార్‌లో ఒక సన్నటి గీత కనపడుతోంది. ఏటవాలుగా గది వైపే దిగుతోంది. రాతిలో పగులుంటే అలాగే కనపడుతుంది. సుత్తి సర్వేలో మాత్రం ఏమీ తేలలేదు. కరెంటు సర్వేలో ఉందో లేదో అన్నట్టుగా ఉంది. ధర్మారావుగారు, పాత గనివాళ్ళు వదిలేసిన ఇనుప పట్టాల వల్ల అలా కనపడుతోందంటారు. ఆయన చెప్పింది నిజం కావచ్చు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, ఆయనకి ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం.

ఒక బోరు వేసి చూస్తే తేలిపోతుంది. కానీ అక్కడ బోరు వేస్తే, పగులు లేకపోయినా బ్లాకుకి కన్నం పడుతుంది. పగులుంటే బ్లాకే పోతుంది. మూడేళ్ళ పని, ముప్ఫై మంది పని. అందులో నాదీ ఒకటి. నాది కాంట్రాక్టు ఉద్యోగం, డిసెంబరులో పొడిగించాలి. పొడిగించమని రాయాల్సింది ధర్మారావుగారే.

రిపోర్టులో ఆయన నా కోసం ఒక వాక్యం రాసి ఉంచారు. "ఈ భాగంలో గణనీయమైన పగుళ్ళు లేవు." దాని కింద నా పేరు, పేరు పక్కన సంతకానికి ఖాళీ. ఆయన చెడ్డవారు కాదు మావయ్యా. "నీ మంచికే చెబుతున్నానమ్మా" అన్నారు, అలాగే అనుకుంటున్నారు కూడా. ఇరవయ్యో తేదీలోపు సంతకం పెట్టాలి.

రాత్రీ పగలూ ఆ గీతే కనపడుతోంది. నాకు భయంగా ఉంది.

నవ్యశ్రీ


బందరు,
సెప్టెంబరు 10

చి. నవ్యశ్రీకి,

చెవి మిషన్ కోసం బందరు వచ్చాను. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే బెంచీది తప్పు. మామూలు పోస్టు ఆలస్యమవుతుందని స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను.

"గణనీయమైన" అన్న మాట ఎవరు కనిపెట్టారోగానీ వాడికి దణ్ణం పెట్టాలి. మీ అత్తయ్య నా మీద గణనీయమైన కోపం ఏనాడూ చూపించలేదని నేను కూడా సంతకం పెట్టగలను.

ఇక నీకొకటి చెబుతాను. మీ అత్తయ్యకి తెలియదు, ఎవరికీ తెలియదు.

నేను కొబ్బరికాయని ఏనాడూ నమ్మలేదు. కాయ జనం కోసం. నేను చూసేది నేలని. పాత పాయ ఎటు పారిందో, ఇసుక మెరక ఎక్కడుందో, తుంగ ఎక్కడ పచ్చగా ఉందో, ఉప్పు ఎక్కడ తెల్లగా పేరిందో చూసేవాణ్ణి. చుట్టుపక్కల బావుల నీళ్ళు నోట్లో పోసుకుని రుచి చూసేవాణ్ణి. చోటు తేలాక అక్కడికొచ్చి బొటనవేలితో కాయ అడుగున కాస్త నొక్కితే చాలు, లేచి నిలబడుతుంది. రుచి చూసి చెప్పానంటే ఎవడూ నమ్మడు. కాయ లేస్తే నమ్ముతారు.

ఆరేళ్ళ కిందట ఎదురుమొండి వైపు జీవానందం అని ఒక రైతు పిలిచాడు. పాస్టరుగారి ప్రార్థన అయింది. "కాయకి మా దేవుడేమీ అనుకోడులే మావయ్యా, మంచినీళ్ళు పడితే చాలు" అన్నాడు. ఆ పొలమంతా తిరిగాను. అంతా ఉప్పే. అక్కడ మంచినీళ్ళు లేవని నాకు తెలుసు. కానీ అప్పటికే బోరు బండి వచ్చి నిలబడి ఉంది. వాడి భార్య దయామణి కొత్త బిందె తళతళా తోముకుని చంకన పెట్టుకుని నిలబడింది. ఊరు ఊరంతా నా చేతి వైపే చూస్తోంది. నా బొటనవేలు నా మాట వినలేదు. కాయ లేచింది.

నీళ్ళు పడ్డాయి. నోట్లో పెట్టుకోలేని నీళ్ళు. "కాస్త ఉప్పగా ఉన్నాయి, వాడుతుంటే తీపెక్కుతాయి" అని చెప్పి బస్సెక్కేశాను. నీ సారు వాక్యానికీ నా వాక్యానికీ తేడా ఏముంది? ఇప్పటికీ దయామణి నీళ్ళ టిన్నులు మోసుకొస్తోంది. జీవానందం ఎక్కడ కనపడినా "మావయ్యా" అని నవ్వుతూ పలకరిస్తాడు. వాడు సముద్రాన్ని తిట్టుకుంటాడే తప్ప నన్నొక్క మాట అనడు. అదే నన్ను చంపుతోంది.

పాయింట్లు చూడడం నేను మానేసింది చెవుడు వల్ల కాదమ్మా. ఆ రోజు నుంచి చెయ్యి రాలేదు. చెవుల వల్లేనని చెబితే ఊరంతా నమ్మింది. కొబ్బరికాయకి చెవులతో ఏం పని అని ఒక్కడూ అడగలేదు.

ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుందని నేను చెప్పను. రాకపోవచ్చు. నీ చెయ్యి నీకు లేకుండా పోతుందని మాత్రం చెబుతాను.

నన్ను పిలుస్తున్నారట, పక్కనున్నాయన గోకి చెప్పాడు.

మావయ్య


పాత గని క్యాంపు,
అక్టోబరు 21

మావయ్యా,

సంతకం పెట్టలేదు. వేరే కాగితం మీద ఇలా రాసి ఇచ్చాను: "ఇక్కడ ఒక గీత కనపడుతోంది. అది పగులో కాదో నాకు తెలియదు. తెలియాలంటే ఒక బోరు వేయాలి."

ధర్మారావుగారు దాన్ని రెండుసార్లు చదివారు. "ఒక గీత కోసం బంగారంలాంటి రాతికి కన్నం పెట్టిస్తావా?" అన్నారు. అప్పటి నుంచి నాతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. తెనాలివాళ్ళకి కోపమొస్తే అంతేనా మావయ్యా?

కమిటీ వచ్చింది. గంటన్నర వాదించుకున్నారు. చివరికి ఒకావిడ, "తెలియదని రాసిన కాగితం ఫైల్లో ఉండగా తెలుసని నేను సంతకం పెట్టను" అంది. ఒక్క బోరుకి ఒప్పుకున్నారు. వచ్చే నెల మొదటివారంలో వేస్తారు.

క్యాంపులో ఎవరూ సరిగా మాట్లాడడం లేదు. వంటాయన నాకు విడిగా చేసే గిన్నె మానేశాడు. రాకేష్ మాత్రం నా పక్కన కూర్చుంటాడు గానీ, మాట్లాడడు.

బోరు ఎండుగా వస్తే నేను ఒట్టి పిరికిదాన్నని, మంచి రాతికి కన్నం పెట్టించానని తేలుతుంది. నీళ్ళు పడితే ముప్ఫై మంది పని పోతుంది. నిజం చెప్పనా? నీళ్ళు పడాలని కోరుకుంటున్నాను. నా మాట నిలబడడం కోసం అందరి పనీ మునిగిపోవాలని కోరుకుంటున్నాను. ఇది నీతో తప్ప ఎవరితోనూ అనలేను.

నవ్యశ్రీ


(పోస్టుకార్డు)

పాత గని క్యాంపు,
నవంబరు 7

మావయ్యా,
నీళ్ళు పడ్డాయి.
వివరాలు తర్వాత.
నవ్యశ్రీ


నాగాయలంక,
నవంబరు 20

చి. నవ్యశ్రీకి,

కొంప ముంచావు గదే తల్లీ! కవరు కొనుక్కోలేకపోయావా? కార్డు మీద రాస్తారటే అలాంటి మాట!

నీ కార్డు వచ్చిన రోజు నేను చెవి మిషన్ తెచ్చుకోవడానికి బందరు వెళ్ళాను. పోస్టుమాన్ దారిలోనే చదివేశాడు. సైకిలు దిగకుండానే "అమ్మగారూ, మీ కోడలు పిల్లకి నీళ్ళు పడ్డాయండోయ్!" అని కేకేశాడు. నాలుగు నెలలుగా "ఇంకా పడలేదు" అని చెప్పి చెప్పి ఊరిని ఊరించింది నేనే గదా. మీ అత్తయ్య మర్నాటికి బిందెడు పులిహోర కలిపించింది. టీకొట్టువాడు ఆ రోజుకి టీలు ఉచితమన్నాడు.

మర్నాడు నేను బస్సు దిగేసరికి సెంటర్లో ఫ్లెక్సీ. "కఠిన శిలలో గంగమ్మను రప్పించిన మన ఆడపడుచు బిడ్డ నవ్యశ్రీకి హార్దిక శుభాకాంక్షలు." అత్తయ్య దగ్గర నీ ఫొటో వేరే లేక పదో తరగతి హాల్ టికెట్‌లోది ఇచ్చింది. రెండు జడలతో, ఏడుపు మొహంతో ఉన్నావు. నీ పక్కన నేను, చేతిలో కాయతో. చుట్టూ ఇంకో పద్నాలుగు మంది ఉన్నారు, వాళ్ళెవరో నాకూ తెలియదు. డప్పులు కూడా పెట్టారు. కొత్త చెవి మిషన్‌తో నేను మొదట విన్నవి అవే.

ఇంటికొచ్చి కార్డు చూశాను. రెండే ముక్కలు. అందరూ నవ్వుతుంటే నాకు నీ మొహం కనపడింది. ఆ నీళ్ళతో ఏమేం పోయాయో ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. చెప్పబోతే నా మెడలో దండ పడింది. వేసినవాడు జీవానందం. దయామణిని కూడా తీసుకుని వచ్చాడు. "మొత్తానికి మేనకోడలి చేత నీళ్ళు రప్పించావు మావయ్యా" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. వాణ్ణి దొడ్డివైపు తీసుకెళ్ళి చెప్పేశాను. కాయని నేనే లేపానురా, అక్కడ మంచినీళ్ళు లేవని నాకు ముందే తెలుసు, అన్నాను.

వాడు పులిహోర తినడం ఆపలేదు. "తెలుసు మావయ్యా. నీ బొటనవేలు కదలడం చూశా" అన్నాడు.

"మరి అప్పుడే అనలేదేంరా?"

"మా దయామణి బిందె పట్టుకుని నిలబడింది గదా. కాయ పడుకుంటే దాని మొహం నేను చూడలేననిపించింది. నువ్వు లేపావు, బతికించావనుకున్నా."

"ఈ ఆరేళ్ళలోనన్నా అడగొచ్చు గదరా."

"అడిగితే నిజం చెప్పేస్తావేమోనని భయం మావయ్యా. చెబితే నిన్ను పలకరించడం మానెయ్యాలి గదా."

వాడు విస్తరాకు పారేసి, నన్ను పలకరించకుండా వెళ్ళిపోయాడు. దయామణికి దారిలో చెప్పినట్టున్నాడు, ఆవిడ ఒకసారి ఆగి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. వాళ్ళు అలా వెళ్ళడం నాకు మంచిదే అనిపించింది. ఆరేళ్ళు నవ్వుతూ పలకరించిన దానికంటే ఇదే నయం.

జనానికి మాత్రం ఇంకా చెప్పలేదు. నువ్వు సంక్రాంతికి వచ్చేలోగా ఫ్లెక్సీ దింపించేస్తాను, చూస్తే సిగ్గుపడతావు. నీ ఉద్యోగం సంగతి ఏమైంది? కోతుల గురించి రాయకు.

మావయ్య


పాత గని క్యాంపు,
డిసెంబరు 2

మావయ్యా,

కోతుల గురించి రాయను.

పదకొండు మీటర్ల నలభై సెంటీమీటర్ల దగ్గర డ్రిల్లు చప్పుడు మారింది. బయటికి తీసిన రాయి అక్కడ రెండుగా విరిగి ఉంది, విరిగిన చోట తడి. కాసేపటికి బోరులోంచి చుక్కలు మొదలయ్యాయి. ధర్మారావుగారు క్యాంటీన్ నుంచి స్టీలు గ్లాసు తెప్పించి కింద పెట్టారు. గ్లాసు నిండడానికి గంట పట్టింది. గంటసేపూ ఎవరూ కదల్లేదు. నిండాక ఆయన ఆ గ్లాసు చేత్తో పట్టుకుని, తెలుగులో, "నీ మీద కోపంగా ఉన్నానమ్మా ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు" అన్నారు.

బ్లాకు రద్దయింది. కాంట్రాక్టు వాళ్ళెవరికీ పొడిగింపు లేదు, నాకూ లేదు. రాకేష్‌కి వచ్చే నెల పెళ్ళి, వాడికీ లేదు. నేను కోరుకున్నదే జరిగింది, ఒక్కపూట కూడా సంతోషంగా లేను. తప్పు చేశానని మాత్రం అనిపించడం లేదు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో నువ్వే చెప్పాలి.

మావయ్యా, గంటకి ఒక్క గ్లాసు. మనకి అది బోరే కాదు, నువ్వయితే దాని మొహాన ఉమ్మి వెళ్ళిపోతావు. కానీ డబ్బాలు పెట్టి మూసేశాక ఆ చుక్కలు ఆగకుండా వెయ్యేళ్ళు, పది వేల ఏళ్ళు పడుతూనే ఉంటాయి. చివరికి ఎవరి బిందెలోకో చేరతాయి. ఆ బిందె పట్టుకోవాల్సిన మనిషి ఇంకా పుట్టలేదు. పుట్టినా నేనొకదాన్ని ఉన్నానని తెలియదు. ఇక్కడ పనిపోయినవాళ్ళు నాకు మంచి చేశావని చెప్పరు, చెప్పాలని నేను అనుకోను కూడా. ఈ మొత్తం భూమ్మీద ఆ నీళ్ళు పడ్డందుకు సంతోషించి, డప్పులు కొట్టి, పులిహోర తిన్నది ఒక్క నాగాయలంకే.

ఫ్లెక్సీ మీద ఒక్క మాటా సరైనది లేదు. అయినా దింపించకు. పదమూడో తేదీ శుక్రవారం గుడివాడలో దిగి అమ్మని కూడా తీసుకుని వస్తున్నాను. దాని కింద నిలబడి ఒక ఫొటో తీయించుకోవాలి.

నవ్యశ్రీ